వెర్బ్ వెనకాల ఏ ప్రిపొజిషన్? ముందు మన విభక్తిని పట్టుకోండి

ఈ వాక్యం ఒకసారి చదవండి.

"ఐ రీచ్డ్ టు నల్లగొండ, టోల్డ్ టు ద క్లర్క్ మై ప్రాబ్లమ్ అండ్ డిస్కస్డ్ అబౌట్ ద ఫీజ్."

ఎక్కడైనా తేడా కొట్టిందా? కొట్టకపోతే టెన్షన్ పడకండి, డిగ్రీ మొదటి సంవత్సరం దాకా నాకూ కొట్టలేదు. ఇందులో తప్పులు మూడు. రెండు టులు, ఒక అబౌట్, ఈ మూడు ప్రిపొజిషన్లూ ఉండకూడనివే. ఇదే మాట తెలుగులో అనుకుని చూడండి: నల్లగొండకు చేరుకున్నాను, క్లర్కుకు నా సమస్య చెప్పాను, ఫీజు గురించి చర్చించాను. కు, కు, గురించి. మన భాషలో ఈ మూడు విభక్తులూ సహజంగా వచ్చేస్తాయి. వాటిని అలాగే మూటగట్టి ఇంగ్లీషులోకి మోసుకుపోయాం, అంతే.

నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు నేనొక వ్యాసం రాసి ఇస్తే, మా లెక్చరర్ అబౌట్ అన్న చోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టి తిరిగిచ్చారు. "ఇంగ్లీషు బాగానే రాసినవ్ బిడ్డా, లోపల తెలుగే ఎక్కువైంది" అన్నారు. అప్పుడు నామోషీగా అనిపించింది. ఇప్పుడు సాయంత్రాలు పోలీస్, బ్యాంకు, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటే, ఆ ఒక్క మాటలో మందు కూడా ఉందని తెలుస్తోంది. తప్పు తెలుగులోంచి వస్తున్నప్పుడు, దాన్ని తెలుగులోనే ముందుగా పట్టుకోవచ్చు.

"సార్, ప్రిపొజిషన్లకు రూల్ ఒకటి చెప్పండి" అని మొదటి రోజే అడుగుతారు. అన్నిటికీ సరిపోయే రూల్ లేదు. ఉన్నదల్లా ఒక తేడా. తెలుగులో విభక్తి పేరుకు అతుక్కుని ఉంటుంది: ఊరికి, అమ్మతో, చెట్టుమీద. ఇంగ్లీషు ప్రిపొజిషన్ పేరుకు ముందు కూర్చుంటుంది గానీ, మాట వినేది మాత్రం తనకు ముందున్న వెర్బ్‌దే. ఏ వెర్బ్‌కు ఏది అలవాటో అదే వస్తుంది. కొన్ని వెర్బ్‌లకు ఏదీ పడదు.

మొదటి మెట్టు: తెలుగు వాక్యం రాసి, విభక్తి కింద గీత గీయండి

మనసులో ఏ తెలుగు ఉందో అదే రాయండి. పుస్తకాల తెలుగు అక్కర్లేదు. "పట్నం కెళ్ళి వచ్చిన", "నాతోని కాదు", "బస్టాండ్ కాడ ఆగిన" అని రాసినా సరే. కెళ్ళి (నుంచి), తోని (తో), కాడ (దగ్గర) కూడా విభక్తుల పనే చేస్తున్నాయి. గీత గీస్తే, మిమ్మల్ని మోసం చేయబోయేది ఎవరో కంటి ముందుకు వస్తుంది.

అందరికంటే పెద్ద మోసగాడు "కు". కు అంటే టు అని చిన్నప్పుడు బట్టీ పట్టాం. కొన్నిచోట్ల నిజమే. బడికి వెళ్ళాను అంటే "వెంట్ టు స్కూల్". మరి ఇంటికి వెళ్ళాను? "వెంట్ హోమ్", టు లేదు. అమ్మకు చెప్పాను అంటే "టోల్డ్ మదర్", టు లేదు. కానీ టెల్ తీసేసి సే పెడితే టు కావాలి, "సెడ్ టు మదర్". ఎక్స్‌ప్లెయిన్‌కూ కావాలి, "ఎక్స్‌ప్లెయిన్డ్ టు మదర్". ఉత్తరానికి జవాబిచ్చాను అన్నప్పుడు రిప్లై వాడితే "రిప్లైడ్ టు ద లెటర్", ఆన్సర్ వాడితే "ఆన్సర్డ్ ద లెటర్". ఉద్యోగానికి అప్లై చేశాను అంటే "అప్లైడ్ ఫర్ ద జాబ్". తమ్ముడికి ఫోన్ చేశాను అంటే "కాల్డ్ మై బ్రదర్". పెళ్ళికి హాజరయ్యాను అంటే "అటెండెడ్ ద వెడ్డింగ్".

చూశారా, తెలుగులో అన్నిచోట్లా ఒకటే కు. ఇంగ్లీషులో ఒకచోట టు, ఒకచోట ఫర్, ఎక్కువచోట్ల ఖాళీ. కాబట్టి మీరు గీత గీసిన చోట కు కనబడితే, చేయి టు వైపు పోకముందే ఆగండి.

రెండో మోసగాడు "తో". దీని గురించి ఎక్కువ చెప్పను, ఒక్క లీవ్ లెటర్ చాలు. "ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్" అని రాయని విద్యార్థి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఉన్నాడా? జ్వరంతో బాధపడుతున్నాను కాబట్టి విత్ అనుకుంటాం. ఇంగ్లీషులో అది "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". జబ్బుతో చనిపోయాడు అంటే "డైడ్ ఆఫ్". ఆమెతో పెళ్ళయింది అంటే "మ్యారీడ్ హర్", మధ్యలో ఏమీ లేదు. "హి ఈజ్ మ్యారీడ్" అని మొదలుపెడితే మాత్రం "టు హర్", అప్పుడు కూడా విత్ కాదు. నీళ్ళతో నింపాడు, పెన్నుతో రాశాడు లాంటి మాటల్లో మాత్రం విత్ మన తోతో కలిసి నడుస్తుంది.

"మీద" కొంచెం మంచివాడు. ఆధారపడటం, దృష్టి పెట్టడం, పట్టుబట్టడం, ఈ మూడింటికీ మన మీదకు సమానంగా ఆన్ వస్తుంది: డిపెండ్ ఆన్, ఫోకస్ ఆన్, ఇన్సిస్ట్ ఆన్. నేరాల దగ్గర మాత్రం జాగ్రత్త. దొంగతనం కేసు మీద అరెస్టు చేశారు అంటే "అరెస్టెడ్ ఫర్ థెఫ్ట్", అదే ఆరోపణ అయితే "అక్యూజ్డ్ ఆఫ్ థెఫ్ట్", పోలీసులు అధికారికంగా అభియోగం మోపితే "చార్జ్డ్ విత్ థెఫ్ట్". కానిస్టేబుల్ పరీక్ష రాసేవాళ్ళు ఈ మూడింటినీ పక్కపక్కన రాసి గోడకు అంటించుకోండి.

ఇక తెలుగులో ఏమీ కనబడని చోట. పాటలు విన్నాను. పాటలకు ఏ విభక్తీ లేదు. అందుకే "లిజెన్డ్ సాంగ్స్" అని రాసేస్తాం. లిజెన్ అడుగుతుంది: "లిజెన్డ్ టు సాంగ్స్". నన్ను అన్నప్పుడు ను ఉన్నా, ఇంగ్లీషులో ఎట్ వస్తుందని అది చెప్పదు: నన్ను చూడు అంటే "లుక్ ఎట్ మీ". నన్ను చూసి నవ్వారు అంటే "లాఫ్డ్ ఎట్ మీ".

రెండో మెట్టు: ఈ వెర్బ్‌కు అసలు ఏమైనా కావాలా అని అడగండి

నా దగ్గరికి వచ్చే పేపర్లలో తప్పు ప్రిపొజిషన్ పెట్టినవాళ్ళ కంటే, అవసరం లేని చోట పెట్టినవాళ్ళే ఎక్కువ. కొన్ని వెర్బ్‌లు విభక్తిని కడుపులోనే దాచుకుని పుట్టాయి. రీచ్ అంటే చేరు కాదు, "చోటికి చేరు". ఎంటర్ అంటే "లోపలికి వెళ్ళు". డిస్కస్ అంటే "దాని గురించి మాట్లాడు". లోపల ఒక గురించి ఉండగా పైన ఇంకో అబౌట్ పెడితే, పెరుగన్నంలో మళ్ళీ పెరుగు పోసుకున్నట్టు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. బడిలో విభక్తులు వల్లె వేశాం కదా, ద్వితీయా విభక్తి గుర్తు చేసుకోండి: నిన్, నున్, లన్, కూర్చి, గురించి. గురించిని మన వ్యాకరణం ను, ని పక్కనే కూర్చోబెట్టింది. అంటే అది ఆబ్జెక్ట్ గుర్తే. ఇంగ్లీషు డిస్కస్ కూడా విషయాన్ని నేరుగా ఆబ్జెక్ట్‌గానే తీసుకుంటుంది. ఈ సంగతి చెప్పాక మా పిల్లల్లో చాలామంది డిస్కస్ అబౌట్ మానేశారు. రూల్ చెప్పినప్పుడు మాత్రం ఒక్కరూ మానలేదు.

ఇలా ఖాళీగా వచ్చి మనల్ని తికమక పెట్టే వెర్బ్‌లు ఎక్కువేం లేవు. పరీక్షల్లో తిరిగి తిరిగి వచ్చేవి ఇవి: డిస్కస్, రీచ్, ఎంటర్, అటెండ్, మ్యారీ, కాంటాక్ట్, ఆన్సర్, అప్రోచ్, జాయిన్, రిజెంబుల్, ల్యాక్, ఆర్డర్, రిక్వెస్ట్, డిమాండ్, మెన్షన్, డిస్క్రైబ్, ఎంఫసైజ్, కంప్రైజ్.

మన నదులతో గుర్తు పెట్టుకోండి. కృష్ణ నారాయణపేట జిల్లాలో తెలంగాణలోకి అడుగు పెడుతుంది: "ద కృష్ణా ఎంటర్స్ తెలంగాణ". లోకి ఉంది కదా అని ఇంటు పెట్టొద్దు. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది: "ద మూసీ జాయిన్స్ ద కృష్ణా ఎట్ వాడపల్లి". జాయిన్‌కు ఏమీ అక్కర్లేదు. అదే ఫ్లో వాడితే "ద మూసీ ఫ్లోస్ ఇంటు ద కృష్ణా". నది అదే, కలిసే చోటూ అదే. వెర్బ్ మారింది కాబట్టి ఇంటు వచ్చింది.

దీనికి ఇంకో మెలిక ఉంది, చాలామంది పడేది అక్కడే. వెర్బ్‌గా ఉన్నప్పుడు ఖాళీగా ఉండే మాటే నౌన్‌గా మారితే ప్రిపొజిషన్ అడుగుతుంది. "వి డిస్కస్డ్ ద ఫీజ్" అంటాం, కానీ "వి హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద ఫీజ్". "ఐ రిక్వెస్ట్ లీవ్" అంటాం, కానీ "మై రిక్వెస్ట్ ఫర్ లీవ్". "దే డిమాండెడ్ వాటర్", కానీ "ద డిమాండ్ ఫర్ వాటర్". "వి ల్యాక్ టైమ్", కానీ "ల్యాక్ ఆఫ్ టైమ్". హోటల్లో "వి ఆర్డర్డ్ టీ", కానీ "వి గేవ్ ఎన్ ఆర్డర్ ఫర్ టీ". ఆ మాటకు ముందు ఎ, ఎన్, ద, మై లాంటివి ఉన్నాయేమో చూడండి. ఉంటే అది నౌన్, ప్రిపొజిషన్ పెట్టొచ్చు. "రిక్వెస్ట్ ఫర్" అన్న తప్పు ఎక్కడి నుంచి పుట్టిందో కూడా ఇక్కడ తెలుస్తుంది. ఆఫీసు కాగితాల్లో నౌన్ పక్కన ఫర్ చూసి చూసి వెర్బ్‌కూ తగిలించాం.

కోప్ అప్ విత్, రిటర్న్ బ్యాక్, కంప్రైజ్ ఆఫ్ కూడా ఈ ఖాతాలోవే. కోప్ విత్ చాలు, రిటర్న్ చాలు, కంప్రైజ్ చాలు. కన్సిస్ట్‌కు మాత్రం ఆఫ్ కావాలి.

మూడో మెట్టు: వెనక వచ్చేది మనిషా, వస్తువా, చోటా?

ఒకే వెర్బ్ మనిషి ముందు ఒక ప్రిపొజిషన్, విషయం ముందు ఇంకొకటి వాడుతుంది. మనిషితో ఏకీభవిస్తే అగ్రీ విత్, ప్రతిపాదనకు ఒప్పుకుంటే అగ్రీ టు, ఇద్దరూ కలిసి ఒక ధర మీద ఒప్పందానికి వస్తే అగ్రీ ఆన్. మిర్యాలగూడ మిల్లు దగ్గర వడ్ల బేరం ఊహించుకోండి, మూడూ ఒకే మధ్యాహ్నం అవసరపడతాయి.

అపాలజైజ్, కంప్లెయిన్ అయితే రెండేసి తీసుకుంటాయి. క్షమాపణ చెప్పేది మనిషికి, తప్పు కోసం: "ఐ అపాలజైజ్డ్ టు ద డ్రైవర్ ఫర్ ద డిలే". ఫిర్యాదు చేసేది అధికారికి, నీళ్ళ గురించి: "వి కంప్లెయిన్డ్ టు ద ఆఫీసర్ అబౌట్ ద వాటర్". ఇక్కడ కు, గురించి చక్కగా టు, అబౌట్ అయ్యాయి కదా అంటారా? అయ్యాయి. తెలుగు ప్రతిసారీ మోసం చేయదు, అదే ఇబ్బంది.

చోట్ల విషయంలో అరైవ్ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఊరు, నగరం, దేశం అయితే ఇన్. ఒక బిందువులా అనిపించే చోటైతే ఎట్. "అరైవ్డ్ ఇన్ మహబూబ్‌నగర్", కానీ "అరైవ్డ్ ఎట్ ద బస్ స్టాండ్". నల్లగొండలో దిగితే ఇన్, క్లాక్ టవర్ దగ్గరికి వస్తే ఎట్. అరైవ్‌కు టు ఎప్పుడూ రాదు. ఇవన్నీ గందరగోళం అనిపిస్తే రీచ్ వాడేయండి, ఏ బాధా లేదు.

ముక్కలుగా విడగొట్టడానికి డివైడ్ ఇంటు. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడైంది: "నల్లగొండ వాజ్ డివైడెడ్ ఇంటు త్రీ డిస్ట్రిక్ట్స్". అదే రోజు పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. విడిపోయిన జిల్లా వైపు నుంచి చెప్పాలంటే "నారాయణపేట వాజ్ సెపరేటెడ్ ఫ్రమ్ మహబూబ్‌నగర్". మొత్తం వైపు నుంచి చూస్తే ఇంటు, ముక్క వైపు నుంచి చూస్తే ఫ్రమ్.

నాలుగో మెట్టు: ప్రిపొజిషన్ మారితే అర్థం మారుతుందేమో చూడండి

ఇక్కడ నాకు సరదా. పొలం ఈ గట్టు మీద నిలబడి, ఆ గట్టు మీదున్న మనిషికి వినబడాలని అరిస్తే "షౌటెడ్ టు హిమ్". గట్టు జరిపాడని కోపంతో అరిస్తే "షౌటెడ్ ఎట్ హిమ్". కుక్కను కొట్టాలని రాయి విసిరితే "త్రూ ఎ స్టోన్ ఎట్ ద డాగ్". తమ్ముడు పట్టుకోవాలని బంతి విసిరితే "త్రూ ద బాల్ టు మై బ్రదర్". ఎట్ వచ్చిందంటే గురి ఉంది, కాస్త కోపమూ ఉండొచ్చు. టు వచ్చిందంటే అవతలి మనిషి అందుకుంటాడని అర్థం.

పోలీసులు ఇంటిని సోదా చేస్తే "సర్చ్డ్ ద హౌస్", దొంగ కోసం వెతికితే "సర్చ్డ్ ఫర్ ద థీఫ్". ఫర్ తప్పుగా పడితే, పోలీసులు పోయిన ఇంటిని వెతుక్కుంటున్నట్టు అవుతుంది. పెళ్ళికి వెళ్తే అటెండ్, పేషెంట్ సంగతి చూసుకుంటే అటెండ్ టు. గదిలోకి వెళ్తే ఎంటర్, ఒప్పందంలోకి దిగితే ఎంటర్ ఇంటు. వినబడితే హియర్, ఎవరి నుంచైనా కబురు అందితే హియర్ ఫ్రమ్, ఫలానావారు ఉన్నారని తెలిస్తే హియర్ ఆఫ్. లుక్ సంగతి మీకు తెలిసిందే: చూస్తే ఎట్, వెతికితే ఫర్, బాగోగులు చూసుకుంటే ఆఫ్టర్, విచారిస్తే ఇంటు.

ఐదో మెట్టు: ప్రిపొజిషన్ తర్వాత ఇంకో వెర్బ్ వస్తే

దానికి ఇంగ్ తగిలించండి. "ఇన్సిస్టెడ్ ఆన్ గోయింగ్", "ప్రివెంటెడ్ హిమ్ ఫ్రమ్ గోయింగ్", "సక్సీడెడ్ ఇన్ పాసింగ్". ఇంతవరకు తేలికే. చిక్కంతా టు దగ్గర. "వాంట్ టు గో"లో ఉన్న టు ప్రిపొజిషన్ కాదు, అక్కడ ఇంగ్ రాదు. "లుక్ ఫార్వర్డ్ టు", "ఆబ్జెక్ట్ టు" వాటిలో ఉన్నది నిజమైన ప్రిపొజిషన్. తేల్చుకోవడం ఎలా? టు తర్వాత వెర్బ్ తీసేసి ఒక పేరు పెట్టి చూడండి. "లుక్ ఫార్వర్డ్ టు ద ఫెస్టివల్" నిలబడింది, కాబట్టి "లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు". "వాంట్ టు ద ఫెస్టివల్" నిలబడలేదు, కాబట్టి "వాంట్ టు మీట్".

ఆరో మెట్టు: సరి చూసుకోండి, అతికించి రాసుకోండి

అనుమానం వస్తే లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన డిక్షనరీ, తెరవండి. తెలుగు అర్థం ఇచ్చే చిన్న డిక్షనరీ ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే అది డిస్కస్ అంటే చర్చించు అని చెప్పి ఊరుకుంటుంది. లెర్నర్స్ డిక్షనరీలో అర్థం కింద ఉదాహరణ వాక్యాలు ఉంటాయి, వెర్బ్ పక్కన వచ్చే ప్రిపొజిషన్‌ను లావు అక్షరాల్లో వేస్తారు. ముందు దాన్నే చూడండి, అర్థం తర్వాత. ఇంటర్నెట్‌లో వెతికి "డిస్కస్ అబౌట్ చాలాచోట్ల ఉంది కదా సార్" అని చూపించేవాళ్ళు ఉన్నారు. ఉంటుంది మరి, రాసింది మనలాంటివాళ్ళే. అమెరికా వాళ్ళు "రైట్ మీ" అంటారు, బ్రిటిష్ పద్ధతిలో "రైట్ టు మీ". మన పరీక్షలకు రెండోదే భద్రం.

నోట్‌బుక్‌లో వెర్బ్ ఒక వరుస, ప్రిపొజిషన్ ఒక వరుస రాసి మధ్యలో గీత గీయకండి. అలా రాస్తే పరీక్ష హాల్లో రెండూ విడివిడిగానే గుర్తొస్తాయి. నేను చెప్పే పద్ధతి వేరు. తెలుగు లిపిలో, సంధి చేసి, ఒకే మాటగా రాయండి: డిపెండాన్, కన్సిస్టాఫ్, లాఫెట్, డివైడింటు, బిలీవిన్. ఇంగ్లీషు వాళ్ళు గబగబా మాట్లాడేటప్పుడు వినిపించేది దాదాపు ఇలాగే. వెర్బ్ పేరు చెప్పగానే తోక కూడా నోటికి వచ్చేస్తుంది. ఏమీ అవసరం లేని వెర్బ్ పక్కన పెద్ద సున్నా చుట్టండి, మా లెక్చరర్ చుట్టినట్టే. ప్రతిదానికీ మీ ఊరి పేరు, మీ ఇంటి విషయం పెట్టి ఒక వాక్యం రాయండి. రోజుకు మూడు చాలు. ముప్పై రాస్తే మూడు కూడా మిగలవు.

ఇప్పుడు ఈ లీవ్ లెటర్ దిద్దండి. తప్పులు ఏడు.

"రెస్పెక్టెడ్ సార్, ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్. యెస్టర్‌డే ఐ వెయిటెడ్ ద బస్ ఎట్ దేవరకొండ బస్ స్టాండ్, బట్ ఐ కుడ్ నాట్ రీచ్ టు ద కాలేజ్. ఐ రిక్వెస్ట్ ఫర్ టూ డేస్ లీవ్. ఐ విల్ అటెండ్ టు ద క్లాసెస్ ఫ్రమ్ మండే. ఐ అపాలజైజ్ యు ఫర్ ద ట్రబుల్ అండ్ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు."

పైకి పోకుండా ఒకసారి మీరే ప్రయత్నించండి, తర్వాత చూసుకోండి. సఫరింగ్ పక్కన ఫ్రమ్. వెయిటెడ్ పక్కన ఫర్, బస్సు కోసం కదా. రీచ్ పక్కన టు కొట్టేయాలి. రిక్వెస్ట్ ఇక్కడ వెర్బ్, ఫర్ కొట్టేయాలి. అటెండ్ పక్కన టు కొట్టేయాలి, మీరు క్లాసులకు వెళ్తున్నారు, వాటికి సేవ చేయడం లేదు. అపాలజైజ్ పక్కన టు చేర్చాలి. చివరి టు తర్వాత హియర్ కాదు, హియరింగ్. ఎట్ దేవరకొండ బస్ స్టాండ్, ఫ్రమ్ మండే, ఫర్ ద ట్రబుల్ సరిగ్గానే ఉన్నాయి, వాటి జోలికి పోకండి. ఉత్సాహంలో ఆఖరి ఫ్రమ్ కూడా కొట్టేసినవాళ్ళు నాలుగో మెట్టు మళ్ళీ చదవండి: "హియరింగ్ యు" అంటే సారు గొంతు వినబడటం, "హియరింగ్ ఫ్రమ్ యు" అంటే సారు జవాబు అందడం. మీకు కావలసింది లీవ్ మంజూరైందన్న జవాబు.